ఒంటరి ఎలక్ట్రానుల పద్దు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినపుడు, నేను భారతమునుండి యొక ఘట్టమునో, ప్రబంధమునుండి యొక వర్ణననో యెత్తుకొందునని వారు తలచి యుండవచ్చును. నా చదువంతయు బడి వెలుపల ఇట్టి గ్రంథాలయములలో సాగినదే కనుక వారి తలంపు సహజము. కాని నేడు విన్నవింపబోవునది కావ్యవిషయము కాదు. కాగితమును గూర్చి, సిరాను గూర్చి, మీ యూసుఫ్‌గూడ పరిసరములలో తయారైన చలనచిత్రములకు ఆధారమైన వెండి ఫిలుమును గూర్చి, వాని లోపల కంటికి కానరాక జరుగు మార్పులను లెక్కించు ఒక శాస్త్రపద్ధతిని గూర్చి నాలుగు మాటలు చెప్పుదును. ఆ పద్ధతిని ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్ అందురు. తెలుగున ఎలక్ట్రాన్ భ్రమణానునాదము అనవచ్చును. పేరు బరువుగా నున్నది గాని లోని సంగతి లెక్కలవానికి మిక్కిలి చేరువ. నేను పల్లెలో లెక్కలు వ్రాసి బ్రతుకువాడను కనుకనే ఈ సాహసము చేయుచున్నాను.

మా వంశమున కరణీకము తరతరములుగా నుండెను. 1984లో ఆ వ్యవస్థ రద్దయిన పిదప అధికార పత్రములు ప్రభుత్వమునకు చేరినవి. ఇంటి సొంత చిట్టాలు, క్రయపత్రముల నకళ్లు, పద్యముల వ్రాతప్రతులు మాత్రము పెట్టెలలో మిగిలినవి. వానిని విప్పినపుడు ఒక వింత కనబడును. కొన్ని పుటలలో అక్షరములు నిన్న వ్రాసినట్లు నల్లగా నున్నవి. కాగితమును గట్టిగానే యున్నది. మఱికొన్నిటిలో అక్షరము గోధుమవన్నెకు దిగి, గీత పొడవున కాగితము చిల్లిపడి, పుట త్రిప్పినంతనే అక్షరములు రాలిపోవును. ఒకే పెట్టె, ఒకే యెండ, ఒకే వాన. తేడా సిరాలో నున్నది. మొదటిది దీపపు మసిని జిగురుతో నూరి చేసినది. రెండవది కరక్కాయ కషాయమున అన్నభేది కలిపి చేసినది. అన్నభేది యనగా ఇనుమును గంధకామ్లమును కూడి యేర్పడిన లవణము. ఐరోపాఖండమున కరక్కాయకు బదులు మాచికాయ వాడి ఈ జాతి సిరాతోనే శతాబ్దుల తరబడి వ్రాసిరి. అచ్చటి పత్రశాలలలోను ఇదే రోగము.

ఇనుము కాగితమును ఎట్లు తినును? చిల్లి పడుటకు ముందే ఆ తినుటను పసిగట్టవచ్చునా? ఈ ప్రశ్నల వెంబడి పోయినవానికి ఎలక్ట్రానుల జంటలు, ఒంటరితనములు ఎదురగును. కనుక ముందు వానిని చూతము.

ఎలక్ట్రానుకు విద్యుదావేశముతో పాటు సహజమైన భ్రమణమొకటి కలదు. బొంగరమువలె తిరుగుచున్నదనుట ఉపమానమే కాని అక్షరసత్యము కాదు. ఆ భ్రమణము వలన ప్రతి ఎలక్ట్రానును ఒక చిట్టి అయస్కాంతము. దీనికి తొలి సాక్ష్యము రజతోత్సవమునకు తగినట్లు వెండియే యిచ్చినది. 1922లో జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున స్టెర్న్, గెర్లాక్ అను ఇరువురు వెండి పరమాణువుల ధారను అయస్కాంతపు కొనల నడుమనుండి పంపగా, అది అలుకుకొని పోక, చక్కగా రెండు పాయలుగా చీలెను. వెండి పరమాణువున చివరి ఎలక్ట్రాను జతలేనిది. అది పైకో క్రిందికో రెండే దిశలలో నిలువగలదు. అందువలన రెండు పాయలు. 1925లో ఉలెన్‌బెక్, గౌడ్‌స్మిత్ అను యువకులు ఎలక్ట్రానుకు భ్రమణమున్నదని ప్రతిపాదించిన తరువాత గాని ఈ చీలికకు సరియైన అర్థము తెలియలేదు. మనవారును ఈ విషయమునకు దూరముగా లేరు. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించి, నిజాం కళాశాలలో చదివిన సూరి భగవంతముగారు 1931లో రామన్‌గారితో కలిసి కాంతికణమునకు సైతము భ్రమణమున్నదని ప్రయోగపూర్వకముగా చూపిరి. తరువాతి కాలమున వారే ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి.

ఇప్పుడు లెక్కలోనికి వత్తము. పరమాణువులలో ఎలక్ట్రానులకు గదుల వంటి స్థానములున్నవి. ఒక గదిలో ఇద్దరికి మించి చోటు లేదు. ఆ యిద్దరును ఎదురెదురు దిశలలోనే నిలువవలెను. ఇది పౌలీ 1925లో చెప్పిన నియమము. జమ పద్దున నూరు, ఖర్చు పద్దున నూరు వ్రాసి తేరీజు వేసిన సున్న వచ్చినట్లు, జంటలోని రెండు అయస్కాంతములును ఒకదానినొకటి కొట్టివేయును. బయటనుండి చూచువానికి అచ్చట అయస్కాంతమే లేదు. కాగితము, నూలు, చక్కెర, నీరు మొదలగు పదార్థములలో ఎలక్ట్రానులన్నియు ఇట్లు జంటలుగానే యుండును. లెక్క తేలిపోయినది కనుక చెప్పుటకేమియు లేదు.

ఏదేని కారణమున ఒక బంధము తెగిననో, స్ఫటికమున ఒక అణువు తన స్థానమున లేకపోయిననో, ఇనుము రాగి మాంగనీసు వంటి లోహము వచ్చి చేరిననో, జతలేని ఎలక్ట్రాను మిగులును. ప్రబంధకవులు జక్కవలను గూర్చి చెప్పునట్లు, జంట వీడినది ఊరకుండదు. అట్టి ఒంటరి ఎలక్ట్రాను గల అణుభాగమును స్వేచ్ఛా ప్రాతిపదిక అందురు. రాడికల్ అని వాడుకలో నున్నది. తన జతకై ప్రక్కవాని ఎలక్ట్రానును లాగుకొనుట దాని స్వభావము. లాగబడినవాడు ఒంటరియై మఱొకని మీద పడును. ఒక అప్పు తీర్చుటకు మఱొక అప్పు చేసినట్లు ఈ వరుస సాగిపోవును. అన్నియు ఇంత దురుసుగా నుండవు. 1900లో అమెరికాలో గోంబర్గ్ అను రసాయనజ్ఞుడు కనుగొన్న ప్రాతిపదిక చాల నెమ్మది గలది. గాలి తగులకున్నచో నిలిచియుండును. కొన్ని స్ఫటికములందలి ఒంటరులు లక్షల సంవత్సరములైనను కదలకయుండును. ఈ భేదమును మనసున నుంచుకొనవలసినదని కోరుచున్నాను. మసి సిరా కడకు వచ్చినపుడు ఇది అవసరమగును.

ఇట్టి ఒంటరులను లెక్కించు ఉపాయమును 1944లో రష్యా దేశమున కజాన్ నగరపు విశ్వవిద్యాలయమున యెవ్‌గెనీ జవోయిస్కీ కనుగొనెను. యుద్ధకాలము, పరికరములు కొఱత. అట్టి స్థితిలో రాగి, మాంగనీసు లవణములమీద పనిచేసి సాధించెను. యుద్ధము ముగియగనే రాడారు కొఱకు తయారైన సూక్ష్మతరంగ పరికరములు ఆక్స్‌ఫర్డ్ మొదలగు చోట్ల ప్రయోగశాలలకు చేరుటతో ఈ విద్య త్వరితముగా వ్యాపించెను.

పద్ధతి ఇది. పరీక్షింపదలచిన పదార్థపు పలుకును పెన్సిలు కన్న సన్నని గాజుగొట్టమున నుంచి బలమైన అయస్కాంతపు ధ్రువముల నడుమ పెట్టుదురు. జంట ఎలక్ట్రానులకు చలనము లేదు. ఒంటరి ఎలక్ట్రాను మాత్రము క్షేత్రమునకు అనుకూలముగనో ప్రతికూలముగనో నిలువవలెను. అనుకూలమైనది దిగువమెట్టు, ప్రతికూలమైనది ఎగువమెట్టు. ఈ రెండు మెట్ల నడుమ ఎత్తు అయస్కాంత బలమును బట్టి పెరుగును. సరిగా ఆ యెత్తునకు సమానమైన శక్తిగల తరంగము తగిలినపుడు దిగువవాడు దానిని మ్రింగి పైమెట్టునకు లేచును. ఊయలను దాని లయకు సరిగా తోసినపుడే అది పైకి లేచినట్లు, లయ కుదిరినచోటనే తరంగము మ్రింగబడును. దానినే అనునాదమనిరి. సాధారణముగా సెకనుకు 950 కోట్ల కంపనములు గల, మూడు సెంటీమీటర్ల నిడివిగల తరంగములను వాడుదురు. అప్పుడు అయస్కాంత క్షేత్రము సుమారు 3,400 గాస్‌లు ఉండవలెను. ఇది మన భూమి అయస్కాంత బలమునకు దాదాపు ఎనిమిదివేల రెట్లు. తరంగమును మార్చక, అయస్కాంత బలమును మెల్లమెల్లగా పెంచుకొనుచు పోయి, ఎచ్చట మ్రింగబడెనో గీత గీయుదురు.

ఇందొక చమత్కారమున్నది. తరంగము దిగువవానిని పైకి లేపును. పైవానిని క్రిందికి దింపి మ్రింగిన శక్తిని తిరిగి కక్కించును. రెండు మెట్లమీదను సమానముగా నున్నచో వచ్చినదియు పోయినదియు సరిపోయి గీతయే రాదు. గది వేడిమియందు దిగువమెట్టు మీద నున్న ఆధిక్యము సుమారు 1,300 ఎలక్ట్రానులకు ఒకటి మాత్రమే. ఆ ఒక్కటి మిగులు మీదనే ఈ శాస్త్రమంతయు నిలిచియున్నది. ద్రవ నైట్రోజనుతో పదార్థమును సున్నకు దిగువ 196 డిగ్రీలకు చల్లబరచినచో మిగులు నాలుగు రెట్లగును. గీత అంత స్పష్టమగును. ఇంత స్వల్పపు మిగులుతోను లక్ష కోట్ల ఒంటరి ఎలక్ట్రానులున్నచో మంచి పరికరము గుర్తించును. లక్ష కోట్లన్న పెద్ద సంఖ్యగా తోచును. ఒక్క నీటిచుక్కలో కోటి కోట్ల కోట్లకు మించి అణువులున్నవని తలచినచో అదెంత చిన్నదో తెలియును. నూరుకోట్ల పద్దులలో తేలని పద్దు ఒక్కటి యున్నను పట్టుకొనగల తనిఖీదారును నేనింతవరకు చూడలేదు.

లెక్కించుట ఒక్కటే యైనచో దీనికింత ప్రతిష్ఠ రాకపోవును. కరణము చిట్టా చూచినంతనే అంకెలే కాక, వ్రాసినదెవరో దస్తూరిని బట్టి చెప్పగలడు. ఈ గీతలకును దస్తూరి యున్నది. ఏ బలముకడ గీత వచ్చెనో దానినిబట్టి జీ-విలువ అను ఒక సంఖ్య లెక్కగట్టుదురు. ఏ బంధనమును లేని ఎలక్ట్రానుకు అది 2.0023. చుట్టునున్న పరిసరమును బట్టి ఈ సంఖ్య కొంచెమో గొప్పయో జరుగును. అంతేకాక, ప్రక్కనున్న కేంద్రకమునకును తన భ్రమణమున్నచో ఒకే గీత పెక్కుగా చీలును. ఒక్క హైడ్రోజను ప్రక్కనున్న రెండు గీతలు, రాగియైన నాలుగు, మాంగనీసైన ఆరు. మాంగనీసు ఆరు గీతలు ఒక వరుసలో నిలిచినపుడు ఎంత మాత్రము పొరపడుటకు వీలులేదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర శాఖవారు అనేక సంవత్సరములు గాజులో రాగి, మాంగనీసు, ఇనుము, వెనేడియము వంటి లోహములను చేర్చి, అవి లోపల ఎట్లు కూర్చున్నవో, చుట్టు ఎందఱు ఆక్సిజనులు ఏ యాకారమున నిలిచిరో ఈ దస్తూరిని బట్టియే చదివిరి. చేతిగాజులకు పచ్చదనమో నీలమో వచ్చుటకు కారణమైన లోహములును ఈ జాతివే. మన భాషలో గాజనిన పదార్థమును ఆభరణమును ఒకే మాట యగుట నాకెప్పుడును ముచ్చటయే.

ఇక కాగితము మాటకు వత్తము.

కాగితమనగా సెల్యులోజు అను పొడవైన గొలుసుల అల్లిక. చక్కెరజాతి లంకెలు వేలకొలది ఒకదానికొకటి తగిలి యున్నవి. గొలుసు పొడవుగా నున్నంతకాలము కాగితము మడతకు ఓర్చును. అన్నభేది సిరా ఆ గొలుసును రెండు విధముల తెంపును. మొదటిది ఆమ్లము: సిరా స్వతస్సిద్ధముగా పుల్లనిది, ఆ పులుపు నీటితో కలిసి లంకెలను విడదీయును. రెండవది ఇనుము చేయు పని. 1894లో ఫెంటన్ అను ఆంగ్ల రసాయనజ్ఞుడు, చింతపండు పులుపునకు మూలమైన టార్టారిక్ ఆమ్లముపై అన్నభేది జాతి ఇనుమును, హైడ్రోజను పెరాక్సైడును కలిపి ప్రయోగింపగా, ఆ యామ్లము విపరీతముగా మార్పుచెందుటను ప్రకటించెను. కారణమేమో అప్పుడు తెలియలేదు. నలువది సంవత్సరముల పిదప, 1934లో, హేబర్, వైస్ అనువారు దీని వెనుక హైడ్రాక్సిల్ అను స్వేచ్ఛా ప్రాతిపదిక యున్నదనిరి. కాగితమున జరుగునదియు నిదియే. గాలి, తేమ చేరినచోట పెరాక్సైడు లేశమాత్రముగా పుట్టును. ఫెర్రస్ స్థితిలోని ఇనుము దానికొక ఎలక్ట్రానును ఇచ్చి తాను ఫెర్రిక్ అగును. పెరాక్సైడు రెండుగా విరిగి హైడ్రాక్సిల్ ప్రాతిపదిక వెలువడును. అది సెల్యులోజు గొలుసునుండి హైడ్రోజనును లాగుకొనును. గొలుసు తెగుటకు అదియే నాంది. ఇనుము మాత్రము ఖర్చు కాదు. ఫెర్రిక్ మరల ఫెర్రస్ అయి మొదటికి వచ్చును. అసలు తరుగక వడ్డీ మాత్రము వసూలగుచుండు అప్పువంటిది ఈ ఇనుము.

అనునాద పరికరమున పాత కాగితపు పలుకునుంచిన కనబడునదేమి? జీ-విలువ 4.3 కడ ఫెర్రిక్ ఇనుము తన గీత చూపును. రాగి యున్నచో నాలుగు, మాంగనీసున్నచో ఆరు గీతలు పలుకును. సిరా లేనిచోట సైతము ఇవి కనబడుట కద్దు. కాగితము చేసిన నీటిలోనుండియో యంత్రములనుండియో చేరినవి. చిలుముతో చేసిన పచ్చరంగు పూసిన పటములు అంచులు చిట్లుటకు రాగియే కారణము. కాని ఒక చిక్కున్నది. దొంగ అసలు రూపమైన ఫెర్రస్ ఇనుము సాధారణ పరికరమున కనబడదు. దానికి నాలుగు ఒంటరి ఎలక్ట్రానులున్నను, వాని సంఖ్య సరిసంఖ్య యగుట చేత మెట్ల అమరిక వేరై, ఈ తరంగములకు లయ కుదరదు. వేషము మార్చి ఫెర్రిక్ ఐన తరువాతనే దర్శనమిచ్చును. కావున గీత చూచి ఇనుమంతయు ఇంతే యని లెక్క తేల్చరాదు. ఈ మర్యాద తెలిసిన పరిశోధకుడు ఇతర పరీక్షలను గూడ జోడించుకొనును.

హైడ్రాక్సిల్ ప్రాతిపదిక విషయము మఱింత కష్టము. అది పుట్టిన సెకనులో నూరుకోట్లవ వంతులోనే దేనిమీదనో పడి మాయమగును. దానిని పరికరము వఱకు తెచ్చుట ఎట్లు? 1960వ దశకము చివర శాస్త్రజ్ఞులు దీనికొక వల పన్నిరి. ఒంటరి ఎలక్ట్రానును ఇష్టముతో స్వీకరించి, స్వీకరించిన పిదప నెమ్మదిగా నిలిచియుండు ఒక పదార్థమును ముందే కలిపి యుంచుదురు. హైడ్రాక్సిల్ దానిమీద వ్రాలి చిక్కుకొనును. అట్లు చిక్కిన వలను పరికరమున చూచినచో, డీఎంపీఓ అను వలయైన పక్షమున, నాలుగు గీతలు ఒకటి, రెండు, రెండు, ఒకటి పాళ్లలో వచ్చును. ఆ నాలుగు గీతలు కనబడెనా, హైడ్రాక్సిల్ అచ్చట తిరుగాడెనని నమ్మవచ్చును. దొంగను చూడలేదు కాని వాని పాదముద్ర సున్నపుపొడిమీద పడినది.

మసి సిరా సంగతి చెప్పుదునంటిని. మసిలో ఒంటరి ఎలక్ట్రానులు లేవా? నిండుగా నున్నవి. బొగ్గును, మసిని ఈ పరికరమున నుంచిన జీ-విలువ రెండు దగ్గఱ బలమైన గీత వచ్చును. 1954లో ఫ్రాన్సులోను బ్రిటనులోను వేర్వేరుగా బొగ్గున ఈ గీతను కనుగొనిరి. మన సింగరేణి బొగ్గుకును ఇది వర్తించును. అయినను మసి కాగితమును కాల్చదు. అచ్చటి ఒంటరి ఎలక్ట్రాను విశాలమైన కర్బనపు పలకలపై పరచుకొని యుండుటచే దానికి ప్రక్కవానిని పీడింపవలసిన అగత్యము లేదు. కనుక సంఖ్యను మాత్రమే చూచి ఈ పుట ప్రమాదమున నున్నది, ఆ పుట క్షేమమున నున్నదని తీర్పు చెప్పరాదు, దస్తూరి చదువవలెను. తాళపత్రముపై గంటముతో వ్రాసి మసి అలుదుట మన పెద్దలు శాస్త్రము తెలిసి చేసిరని నేననను. అది అందుబాటులో నుండెను, నిలిచెను. నిలిచినదానినే వారు మఱల చేసిరి.

రోగమున్నచోట మందు గూర్చి అడుగుదురు. 1990వ దశకమున నెదర్లాండ్స్ దేశపు పరిశోధకులు కాల్షియం ఫైటేటు అను పదార్థమును ప్రవేశపెట్టిరి. ఫైటిక్ ఆమ్లము మన వరితవుడున, గింజల పై పొరలలో సమృద్ధిగా నున్నది. అది ఇనుమును గట్టిగా పట్టుకొని ఎలక్ట్రాను ఇచ్చిపుచ్చుకొనుటకు వీలులేకుండ కట్టివేయును. పిదప సున్నపు నీటిజాతి ద్రావణముతో ఆమ్లమును తీయుదురు. ఇది చేయి తిరిగిన సంరక్షకులు చేయవలసిన పని. తవుడునీరు చిట్టాలమీద పోయవలదని చేతులు జోడించి మనవి చేయుచున్నాను.

ఈ నగరమున తార్నాకలో రాష్ట్ర పురాతత్త్వ పత్రశాల కలదు. షాజహాను, ఔరంగజేబుల కాలపు పత్రములు అచ్చట లక్షకు పైబడి యున్నవి. అదే తార్నాకలో 1944లో వెలసిన పరిశోధనశాల నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా విలసిల్లుచున్నది. పత్రములును రసాయనశాస్త్రజ్ఞులును ఇంత చేరువగా నున్న ఊరులు దేశమున ఎక్కువ లేవు. ఏ కట్టను ముందు విప్పి కాపాడవలెనో నిర్ణయించుటకు ఇట్టి పరీక్షలు పనికివచ్చును. సంరక్షకులు కొలదిమంది, కట్టలు లక్షలు. వరుస తెలియనిచో చేతికి దొరికినది బ్రతుకును, దొరకనిది పొడియగును.

ఇక వెండి. ఇచ్చటికి చేరువనే అమీర్‌పేట వైపున సారథి స్టూడియో కలదు. 1959లో విడుదలైన మా యింటి మహాలక్ష్మి అచ్చట తీయబడినది. తరువాత అన్నపూర్ణా స్టూడియో, పద్మాలయా మొదలగునవి వచ్చి జూబ్లీహిల్సు, ఫిలింనగరు ప్రాంతమంతయు చిత్రసీమ యైనది. మీలో పెక్కుమంది ఇండ్లకు ఆ పరిశ్రమ అన్నము పెట్టినదని యెఱుగుదును. నేడు ఫిలుము స్థానమున డిజిటల్ కెమెరా వచ్చినది. కాని అంతకు ముందటి చిత్రములన్నియు సిల్వర్ బ్రోమైడు స్ఫటికముల మీద పడిన వెలుతురే.

ఆ స్ఫటికము లోపరహితమైనచో బొమ్మ పడదు. ఇది వినుటకు వింతగా నుండును. వెలుతురు తగిలినపుడు ఒక ఎలక్ట్రాను విడివడి స్ఫటికమున సంచరించును. తన స్థానము తప్పి సందులలో తిరుగు వెండి అయానులు కొన్ని అచ్చట సహజముగా నుండును. స్ఫటికపు మూలలలో, ముడుతలలో, లోపమున్నచోట ఎలక్ట్రాను చిక్కుకొనగా వెండి అయాను వచ్చి దానితో కూడి వెండి పరమాణువగును. ఇట్లు మూడు నాలుగు పరమాణువులు ఒకచోట గుమిగూడిన చాలును. రసాయనమున కడిగినపుడు ఆ గింజ యంతయు నల్లని వెండిగా మారును. గర్నీ, మాట్ అను పండితులు ఈ సిద్ధాంతమును 1938లో స్థిరపరచిరి. కావున ఫిలుము చేయువాడు లోపమును తొలగింపడు. తగినచోట తగినంత లోపమును నాటును. రోడియము, ఇరిడియము వంటి లోహములను పది లక్షల వెండి అయానులకు ఒక్కటి, అంతకన్న తక్కువ పాళ్లలో చేర్చుదురు. రోడియము చేరిన బొమ్మకు నలుపు తెలుపుల తీక్ష్ణత పెరుగును. ఇరిడియము చేరినచో మిక్కిలి స్వల్పకాలము వెలుతురు తగిలినను, మిక్కిలి దీర్ఘకాలము మందముగా తగిలినను ఫిలుము సరిగా స్పందించును. ఇంత స్వల్పమైన పాలు లోపల ఏమి చేయుచున్నదో కొడాక్ సంస్థ పరిశోధకులు అనునాద పద్ధతిచే శోధించిరి. రోడియము త్రిసంయోజక స్థితిలో నున్నపుడు దాని ఎలక్ట్రానులన్నియు జంటలే, గీత లేదు. వెలుతురు తగిలి, తిరుగాడు ఎలక్ట్రాను దానికి చిక్కినంతనే ఒకటి ఒంటరి యగును, గీత లేచును. పట్టుకొన్నదెవరో, ఎంతకాలము పట్టుకొనునో అట్లు తెలిసినది. తేరీజున సున్నగా నున్న పద్దు ఒక్క జమతో పలికినది.

ఫిలుము పట్టీ సంగతి వేరు. తొలి దశకములలో పట్టీ సెల్యులోజు నైట్రేటుతో చేసిరి. కాలక్రమమున దానినుండి నైట్రోజను డయాక్సైడు వెలువడును. ఆ వాయువున ఎలక్ట్రానులు 23. బేసిసంఖ్య కనుక ఒకటి తప్పక ఒంటరి. అది తేమతో కలిసి ఆమ్లమై పట్టీని మఱింత కరగించును. నిప్పు తగిలినచో ఆపశక్యము కాదు. 1921లో రఘుపతి వెంకయ్యగారి సంస్థ తీసిన మూకీ చిత్రము భీష్మప్రతిజ్ఞ నేడు చూచుటకు లేదు. 2003లో పుణెలో జరిగిన అగ్నిప్రమాదమున పాత నైట్రేటు చిత్రములు పెక్కు నశించినవి. తరువాతి కాలపు ఎసిటేటు పట్టీలకు నిప్పుభయము లేదు గాని అవి పులిసి వెనిగరు వాసన కొట్టును. ఆ పులియుట ప్రధానముగా నీరు, ఆమ్లము కలిసి చేయు పని. అచ్చట ఒంటరి ఎలక్ట్రానుల పాత్ర స్వల్పము. కనుక ఆ రోగమునకు ఈ పరీక్ష తగినది కాదు. ఆమ్లముచే రంగు మారు కాగితపు ముక్కయే చాలును. ప్రతి రోగమునకు ఒకే నాడి చూచు వైద్యుని వలె, చేత నున్న పరికరమునకు సకల సామర్థ్యమును అంటగట్టుట నాకు నచ్చదు.

ఈ పద్ధతి వినియోగములు ఇంకను పెక్కు. కాల మించిపోవుచున్నది కనుక ఒకటి రెంటిని తడవి విడుచుదును. పురుగు పట్టకుండ కిరణములు సోకించిన కారపుపొడిలో సెల్యులోజు ప్రాతిపదికలు మిగులును. వాని గీతలనుబట్టి కిరణము సోకెనో లేదో తేల్చు ప్రమాణవిధానము ఐరోపాలో అమలునందున్నది. మిర్చి యెగుమతి చేయు మనకు ఇది ఎఱుగదగినది. దంతములపై పింగాణీలో కిరణములు మిగిల్చిన ఒంటరులను లెక్కించి హిరోషిమా బాధితులకు సోకిన మోతాదును అంచనా వేసిరి. 1975లో జపానునందు ఇకెయా ఈ పద్ధతితోనే గుహలోని సున్నపుకంబము వయస్సు గణించెను. గోలకొండ వజ్రములకు ప్రఖ్యాతి వచ్చుటకు వానిలో నైట్రోజను దాదాపు లేకుండుట ఒక కారణము. ఒంటరి నైట్రోజనులు వజ్రమున చిక్కినచో మూడు గీతలతో ఈ పరికరమున పట్టుబడును. మేలిమి గోలకొండ వజ్రము ఇచ్చట మౌనము వహించును.

ఇక మన బీరువాల మాట. పాత వార్తాపత్రికల కట్టలు, చౌకకాగితముపై అచ్చైన మాసపత్రికలు తెలుపు వీడి పచ్చబడుట మీరందఱు చూచినదే. ఆ కాగితము కొయ్యను నూరి చేసినది. అందు లిగ్నిను అను పదార్థమున్నది. ఎండలోని అతినీలలోహిత కిరణము తగిలినంతనే లిగ్నినునందు ఫినాక్సిల్ అను ప్రాతిపదికలు పుట్టును. అనునాద పరికరమున వాని గీతను చూచిరి. అవి ఆక్సిజనుతో కూడి పచ్చని పదార్థములుగా మారును. నూలుపీచుతో చేసిన చేతికాగితమునకు లిగ్నిను లేదు కనుక ఈ బాధ తక్కువ. ఇందుకు పరికరము కొనవలసిన పనిలేదు. ఎవరో కష్టపడి తెలిసికొన్న దానిని మనము వాడుకొన్న చాలును.

ఈ హాలున పడమటి కిటికీకి ఎదురుగా నున్న బీరువాలోనే పాత పత్రికల సంపుటములున్నవి. సాయంకాలపు ఎండ రెండు గంటలసేపు నేరుగా వానిమీద పడుచున్నది. దానిని లోపలి గోడకు జరుపుట, కిటికీకి ముదురువన్నె తెర కట్టుట, దాతలిచ్చిన వ్రాతప్రతులలో అన్నభేది సిరాతో నున్నవానిని మసి సిరావానినుండి వేరుచేసి నడుమ శుభ్రమైన ఆమ్లరహితపు కాగితము పెట్టుట, చిరిగినవానికి అంటుపట్టీలు వేయకుండుట, ఇవి నాలుగును తక్కువ వ్యయముతో జరుగు పనులు. అన్నభేది వ్రాతలను గుర్తించుటకు గోధుమవన్నె, గీత వెనుకవైపు పుటపై తేలిన మచ్చ చాలును. సంశయమున్నచో ఒక సంరక్షకుని పిలిపింపవచ్చును. వానలు వచ్చినచో తేమ పెరిగి ఇనుము పని వేగిరమగును కనుక తొలకరికి ముందే ఈ పని చేయించుటకు కార్యదర్శిగారికి నేను తోడుందును. జాబితా వ్రాయుట నా వంతు.